పదిహేడు ఒకట్లను విడగొట్టడానికి పట్టిన పదహారు రోజులు

జాతీయ గణిత దినోత్సవం డిసెంబర్ 22. 2024లో అది ఆదివారం పడింది కాబట్టి హన్మకొండలోని మా కాలేజీలో 21వ తేదీ శనివారమే జరపాలనుకున్నారు. ఎంపీసీ సెకండియర్ పిల్లలు నలుగురు ఒక చార్టు పెడతామన్నారు. 1, 11, 111, 1111… ఇలా 19 ఒకట్ల దాకా వరుసగా రాయాలి, ఒక్కోదాని ఎదురుగా దాని ప్రధాన కారణాంకాలు వేయాలి. షరతు ఒకటే: నెట్‌లో చూడొద్దు. చూస్తే ఏ సంఖ్యకైనా జవాబు సెకనులో దొరుకుతుంది, అందులో నేర్చుకునేదేం లేదు.

నవంబర్ 25, సోమవారం మొదలుపెట్టాం. ఒకట్ల లెక్క సరి సంఖ్య అయితే 11 తప్పకుండా పోతుంది, మూడుతో పోయే సంఖ్య అయితే 3, 37 పోతాయి. అందుకే చాలా గడులు మొదటి రెండు రోజుల్లోనే నిండిపోయాయి. 16 ఒకట్లకు 11 × 17 × 73 × 101 × 137 × 5882353 వచ్చింది. ఇందులో 17 ఉందని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. 11 ఒకట్లు (21649 × 513239), 13 ఒకట్లు (53 × 79 × 265371653) కొంచెం ఏడిపించాయి. 29వ తేదీ శుక్రవారం సాయంత్రానికి 17, 19 గడులు తప్ప అన్నీ అయిపోయాయి. 19 సంగతి తర్వాత చూద్దాం, ముందు 17 పట్టుకుందాం అనుకున్నాం.

17 ఒకట్లంటే 11111111111111111. పాత స్థానాల పేర్లలో చెబితే ఏకం నుంచి మధ్యం దాకా ఒక్కో చోట ఒక్కో ఒకటి. ఇప్పటి లెక్కలో 111 కోట్ల 11 లక్షల 11 వేల 111 కోట్లు, ఆపైన ఇంకో 11 లక్షల 11 వేల 111. దీని వర్గమూలం 10,54,09,255 దగ్గర. అంటే ఏ ఉపాయమూ లేకుండా వరుసగా భాగించుకుంటూ పోతే పదిన్నర కోట్ల దాకా వెళ్లాలి.

ఉపాయం ఉంది. నవంబర్ 30, శనివారం అంతా బోర్డు మీద అదే నడిచింది. మన సంఖ్యను 9తో గుణిస్తే 17 తొమ్మిదులు, అంటే 10¹⁷ − 1. ఏదైనా ప్రధాన సంఖ్య దీన్ని భాగిస్తే, ఆ ప్రధానంతో భాగించినప్పుడు 10¹⁷కి శేషం 1 రావాలి. 10 ఘాతాల శేషాలు మళ్లీ 1కి తిరిగొచ్చే చక్రం పొడవు 17ను భాగించాలి. 17 ప్రధానం కాబట్టి ఆ పొడవు 1 అయినా కావాలి, 17 అయినా కావాలి. పొడవు 1 అంటే ఆ ప్రధానం 9ని భాగించాలి, అది 3 ఒక్కటే. మన సంఖ్య అంకెల మొత్తం 17, కాబట్టి 3 పోదు. ఇక మిగిలింది 17. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం ఈ పొడవు, ప్రధానంలోంచి ఒకటి తీసేసిన సంఖ్యను భాగించాలి. ఆ ప్రధానం బేసి కూడా. కాబట్టి ప్రతి ప్రధాన కారణాంకం 34క + 1 రూపంలోనే ఉండి తీరాలి. ఇక్కడ క అంటే 1, 2, 3… ఏదైనా.

ఈ ఒక్క వాక్యంతో పదిన్నర కోట్ల పని 31 లక్షలకు దిగింది.

డిసెంబర్ 2, సోమవారం కాగితం పని మొదలైంది. హాస్టల్లో ఫోన్లు ఉండవు. ఉన్నవి షాపుల్లో వాడే 12 అంకెల కాలిక్యులేటర్లు నాలుగు. 17 అంకెల సంఖ్య వాటిలో పట్టదు. పట్టాల్సిన అవసరం కూడా లేదు, ఎందుకంటే మనకు కావాల్సింది 10¹⁷ శేషమే. వర్గం చేసుకుంటూ పోతే అది నాలుగైదు మెట్లలో వస్తుంది: 10⁴ శేషం, దాని వర్గం శేషం (10⁸), మళ్లీ దాని వర్గం శేషం (10¹⁶), చివర 10తో గుణించి ఇంకోసారి శేషం. 1 వస్తే కారణాంకం దొరికినట్టే.

34క + 1 వరుసలో మొదటి ప్రధానం 103. 100ను 103తో భాగిస్తే శేషం 100. దాన్ని −3 అనుకుంటే సుఖం. −3 వర్గం 9, దాని వర్గం 81, దాని వర్గం 6561. అందులోంచి 103 × 63 = 6489 తీసేస్తే 72. పదితో గుణిస్తే 720. 720 నుంచి 618 తీసేస్తే 102.

"సార్, 1 కావాల్నంటే 102 వచ్చింది. ఒక్కటి తక్కువైంది. యాడనో తప్పు చేసిన."

తప్పేం చేయలేదు. 102 అంటే −1. అంటే 103 మన సంఖ్యను కాదు, 10¹⁷ + 1ను భాగిస్తుంది. పక్కింటి తలుపు కొట్టినట్టన్నమాట. అదే ఇంకో ఉపాయానికి దారి చూపింది. 10 పదిహేడో ఘాతం శేషం 1 అయితే, పద్దెనిమిదో ఘాతం శేషం 10. 18 సరి సంఖ్య. అంటే ఆ ప్రధానం దృష్టిలో 10 ఒక సంఖ్య వర్గానికి సమానం, అదే వర్గ శేషం. ఏ ప్రధానానికి ఏ సంఖ్య వర్గ శేషమో తేల్చే వర్గ వ్యుత్క్రమ నియమం ప్రకారం 10 వర్గ శేషం కావాలంటే ఆ ప్రధానాన్ని 40తో భాగించినప్పుడు శేషం 1, 3, 9, 13, 27, 31, 37, 39లలో ఒకటై ఉండాలి. 103కి శేషం 23. అది ఎన్నటికీ పనికిరాదు. లెక్క చేయకముందే వదిలేయాల్సిన సంఖ్య.

దీన్ని క భాషలోకి మార్చుకుంటే పని ఇంకా తేలిక. క ని 20తో భాగించినప్పుడు శేషం 0, 7, 9, 12, 13, 14, 15, 18 వస్తేనే ఉంచాలి, మిగతా 12 రకాలను కొట్టేయాలి. వెయ్యి లోపు 34క + 1 రూపంలో ప్రధానాలు పది ఉన్నాయి: 103, 137, 239, 307, 409, 443, 613, 647, 919, 953. జల్లెడ పడితే 239, 307, 409, 443, 613, 919 మిగిలాయి. 239 అయితే 7 ఒకట్ల గడిలో ముందే కూర్చుంది, దాని చక్రం పొడవు 7. కాబట్టి అదీ పోయింది.

307 ఎలా చేశామో చూపిస్తాను. మిగతావన్నీ ఇలాగే. 10000లోంచి 307 × 32 = 9824 తీసేస్తే 176. వర్గం 30976, శేషం 276. ఇక్కడ 276ను అలాగే వర్గం చేయకుండా −31 అని రాసుకోవాలి. 31 వర్గం 961, శేషం 40. పదింతలు 400, శేషం 93. 1 కాదు, కొట్టేయ్. సగం కన్నా పెద్ద శేషం వస్తే భాజకంలోంచి తీసేసి రుణ సంఖ్యగా రాసుకోవడం అలవాటు చేసుకుంటే కాలిక్యులేటర్ తెర పొంగిపోదు, చేతి తప్పులూ తగ్గుతాయి.

తప్పుల గురించి ఒక మాట. ఈ పనిలో తప్పులన్నీ ఒకేలాంటివి కావు. కారణాంకం కాని సంఖ్య దగ్గర లెక్క తప్పినా, ఎలాగూ 1 రాదు, నష్టం లేదు. అసలైన కారణాంకం దగ్గర ఒక్క అంకె తప్పితే మాత్రం అది చప్పుడు చేయకుండా జారిపోతుంది, ఆ తర్వాత నెలల పని వృథా. ఎక్కడ జారిందో కూడా తెలియదు. అందుకే ప్రతి సంఖ్యనూ ఇద్దరు విడివిడిగా చేయాలని, ఒకరి నోటుబుక్కు ఒకరు చూడకూడదని పెట్టుకున్నాం. దాంతో వేగం సగానికి పడిపోయింది. రాసుకోవడంతో కలిపి ఒక్కోదానికి ఐదారు నిమిషాలు, రోజుకు గంటన్నర. నలుగురు కలిసి ఒక సాయంత్రానికి 30 సంఖ్యలు తేల్చేవారు. 3, 7, 11, 13లతో పోయేవాటిని ముందే తీసేసినా ప్రతి వెయ్యి క లకు 190 దాకా మిగిలేవి.

అదే వారం ఇంకో ప్రమాదం తప్పింది. నలుగురిలో ఒకమ్మాయికి ఫెర్మా పరీక్ష తెలుసు: ఒక సంఖ్య ప్రధానం అయితే, దాంతో పోని ఏ ఆధారాన్ని తీసుకున్నా, ఆ సంఖ్యకు ఒకటి తక్కువ ఘాతానికి ఎత్తితే శేషం 1 వస్తుంది. 10 ఆధారంగా చేసి చూసింది. 1 వచ్చింది.

"సార్, గిది ప్రధానమే ఉన్నట్టుంది. ఇగ ఎతుకుడు బంద్ జేద్దాం."

మిగతా ముగ్గురి మొహాలు వెలిగిపోయాయి. కానీ ఈ సంఖ్యకు 10 ఆధారం పనికిరాదు. మన సంఖ్యతో భాగిస్తే 10¹⁷కి శేషం ఎలాగూ 1. మన సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే 16 ఒకట్లు, చివర ఒక సున్నా. 16 ఒకట్ల గడిలో 17 ఉంది కదా, కాబట్టి ఆ ఘాతం 17 గుణిజం. అలాంటప్పుడు 1 రాక ఏం చేస్తుంది? ఇది ప్రధానమైనా కాకపోయినా 10తో చేస్తే 1 వచ్చి తీరుతుంది. ఒకట్ల సంఖ్యల మీద ఫెర్మా పరీక్ష చేసేవాళ్లు 2తోనో 3తోనో చేయాలి, 10ని ముట్టుకోకూడదు.

డిసెంబర్ 7, శనివారం సాయంత్రం. ఆరు సాయంత్రాల్లో క 1000 దాకా వచ్చాం. అంటే 34,001 దాకా ఏమీ లేదు. నాలుగు లాంగ్ నోటుబుక్కుల్లో రెండు నిండిపోయాయి. ఆ రోజే ఒక అబ్బాయి బోర్డు మీద లెక్కేశాడు: క 31 లక్షల దాకా పోవాలి, వెయ్యికి 190 చొప్పున ఐదు లక్షల తొంభై వేలకు దగ్గర, రోజుకు 30 చొప్పున దాదాపు 54 ఏళ్లు.

"అప్పటికి మా పిల్లల పిల్లలు ఈడనే సదువుతుంటరు సార్."

నవ్వారు గానీ ఆ నవ్వులో ఓపిక అయిపోయినట్టు తెలుస్తూనే ఉంది. ఒకడు నోటుబుక్కు మూసి దాని మీదే తల పెట్టుకున్నాడు. సోమవారం కంప్యూటర్ ల్యాబ్ అడుగుదామని ఆ రాత్రే నిర్ణయమైంది.

డిసెంబర్ 9. ల్యాబ్ గంటసేపు దొరికింది, ఆ గంటా ఎక్సెల్‌తో గొడవే సరిపోయింది. 17 ఒకట్లు టైపు చేసి ఎంటర్ కొడితే గడిలో దశాంశ బిందువుతో ఏదో కనిపించింది. పైన ఫార్ములా పట్టీలో చూస్తే 11111111111111100. చివరి రెండు ఒకట్లు సున్నాలయ్యాయి. ఎక్సెల్ 15 అంకెలకు మించి దాచుకోదు, మిగతా చోట సున్నాలు పెట్టేస్తుంది, హెచ్చరిక కూడా ఇవ్వదు. దాని ప్రకారం మన సంఖ్య 100తో పోతుంది, అంకెల మొత్తం 15 కాబట్టి 3తోనూ పోతుంది! రెండూ అబద్ధాలే. పైగా దాన్ని 35 లాంటి చిన్న సంఖ్యతో, శేషం ఇచ్చే మాడ్ ఫంక్షన్‌లో వేస్తే భాగఫలం మరీ పెద్దదై ఎర్రర్ వచ్చింది. ఎర్రర్ రావడమే నయం, తప్పు జవాబు రాలేదు.

అప్పుడే ల్యాప్‌టాప్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష తెరిచాం. పూర్ణ సంఖ్యగా ఉంచితే పైథాన్ ఎన్ని అంకెలైనా సరిగ్గా పట్టుకుంటుంది. కానీ 1.0తో గుణించి చూడమంటే చివర 12 వచ్చింది. 2⁵³ అంటే 9007199254740992. మామూలు దశాంశ నిల్వలో అది దాటాక బేసి సంఖ్యలకు చోటుండదు, పక్కనున్న సరి సంఖ్యకు జరిగిపోతాయి. 16 ఒకట్లు ఆ గీతకు ఇవతల ఉన్నాయి, 17 ఒకట్లు అవతల పడ్డాయి. ఒకే సంఖ్యకు ఒకచోట చివర 00, ఇంకోచోట 12. పిల్లలకు ఇది వింతగా అనిపించింది. కంప్యూటర్ తప్పు చెబుతుందని పాఠంలో ఎన్నిసార్లు చెప్పినా కళ్ల ముందు జరిగితే గానీ ఎక్కదు.

ల్యాబ్ మూసేముందు ఐదు నిమిషాల్లో 2 ఆధారంగా ఫెర్మా పరీక్ష చేశాం. పైథాన్‌లో ఘాతం ఫంక్షన్‌కు మూడో విలువ కూడా ఇస్తే శేషం తీసుకుంటూనే ఎత్తుతుంది, కన్ను మూసి తెరిచేలోగా జవాబు. 1 రాలేదు. 3తో చేసినా 1 రాలేదు. అంటే ఈ సంఖ్య కచ్చితంగా ప్రధానం కాదు. ఎక్కడో ఒక కారణాంకం ఉంది, ఎంత పెద్దదో తెలియదంతే. ఉందని తెలిసి వెతకడానికి, ఉందో లేదో తెలియకుండా వెతకడానికి తేడా ఎంతో ఆ రాత్రి స్టడీ అవర్‌లో కనిపించింది. ఎవరూ చెప్పకుండానే నోటుబుక్కులు మళ్లీ బయటికొచ్చాయి.

డిసెంబర్ 10, మంగళవారం మధ్యాహ్నం. పైథాన్‌లోనే వెతకొచ్చు కదా అని మీరు అడగొచ్చు. పిల్లలకు ఎక్సెల్ చేతి అలవాటు, పైగా అందులో మధ్య శేషాలన్నీ గడుల్లో కనిపిస్తాయి, కాగితం మీద చేసిందానితో పోల్చుకోవచ్చు. ఈసారి 17 అంకెల సంఖ్యను ఎక్కడా రాయలేదు. మొదటి నిలువు వరుసలో క. రెండో దాంట్లో 34క + 1. మూడో దాంట్లో 10 కోట్లకు, అంటే 10⁸కి శేషం. నాలుగో దాంట్లో మూడో దాని వర్గానికి శేషం. ఐదో దాంట్లో నాలుగో దాని పదింతలకు శేషం. ఈ ఐదో నిలువు వరుసలో 1 ఎన్నిసార్లు వచ్చిందో పైన ఒక గడిలో లెక్క.

ఈ పద్ధతికీ హద్దుంది. వర్గం 15 అంకెలు దాటకూడదంటే భాజకం 3,16,22,776 లోపు ఉండాలి, అంటే క 9,30,081 దాకానే. ఎక్సెల్ షీటులో మొత్తం వరుసలు 10,48,576. రెండు హద్దులూ దాదాపు ఒకే చోట తగలడం చూసి, ఒకే షీటులో తొమ్మిది లక్షలూ వేసేద్దామని ఆశపడ్డాం. అది పొరపాటు. ల్యాబ్‌లోవి పాత కంప్యూటర్లు, 46 లక్షల ఫార్ములాలు పడేసరికి తెర తెల్లబడిపోయింది. ఇరవై ఐదు నిమిషాలు చూసి చివరికి మూసేయాల్సి వచ్చింది. దాచుకోనందుకు చేసిందంతా పోయింది. మీరు చేస్తే లక్ష వరుసలతో మొదలుపెట్టండి.

లక్ష వరుసలు నింపి ఆగాం. అర నిమిషం లోపే పైగడిలో 0 పోయి 1 వచ్చింది.

అందరూ ఒకేసారి తెర మీదికి వంగారు. ఏ వరుసో వెతకడానికి ఫిల్టర్ పెడితే 60,934వ వరుస. మొదటి వరుసలో శీర్షికలున్నాయి కాబట్టి క = 60,933. భాజకం 20,71,723.

నమ్మకం లేక వెంటనే 12 అంకెల కాలిక్యులేటర్ మీద చేతితో సరిచూశాం. 10,00,00,000లోంచి 20,71,723 × 48 = 9,94,42,704 తీసేస్తే 5,57,296. దాని వర్గం 310578831616, సరిగ్గా 12 అంకెలు, తెర నిండా పట్టింది. ఇంకో అంకె ఉంటే పట్టేది కాదు. అందులోంచి 20,71,723 × 1,49,913 = 310578210099 తీసేస్తే 6,21,517. పదింతలు 62,15,170. 20,71,723 × 3 అంటే 62,15,169. మిగిలింది 1.

ఆ చివరి తీసివేత చేసిన పిల్లాడు కాలిక్యులేటర్ పైకెత్తి అందరికీ చూపించాడు. తెర మీద ఒంటరిగా 1. డిసెంబర్ 2న 102 దగ్గర ఆగిన అబ్బాయే వాడు.

జల్లెడ ప్రకారం కూడా సరిపోవాలి కదా: 60,933ను 20తో భాగిస్తే శేషం 13, అది ఉంచాల్సిన ఎనిమిదిలో ఉంది. కాగితం మీదే పోయుంటే ఈ వరుసకు చేరడానికి ఏడాది పైనే పట్టేది.

ఇక రెండో కారణాంకం. 17 ఒకట్లను 20,71,723తో భాగించాలి, ఎక్సెల్‌ను నమ్మకూడదు. బోర్డు మీద పొడవు భాగహారం వేశాం. ఇది చెప్పుకోవాల్సినంత హాయి లెక్క, ఎందుకంటే ప్రతిసారీ కిందికి దించుకునేది 1 ఒక్కటే. చివరికి శేషం 0, భాగఫలం 5363222357. అంటే 536 కోట్ల 32 లక్షల 22 వేల 357. తొమ్మిదుల పరీక్ష: మొదటిదాని అంకెల మొత్తం 22, అంటే 4. రెండోదాని మొత్తం 38, అంటే 2. లబ్ధం 8. 17 ఒకట్ల మొత్తం 17, అంటే 8. సరిపోయింది. పదకొండుల పరీక్షలో, అంటే కుడి నుంచి అంకెలను ఒకటి కలిపి ఒకటి తీసేస్తూ పోయి 11తో శేషం తీస్తే, 5, 9 వచ్చాయి, లబ్ధం 45, శేషం 1. ఒకట్లకూ 1. అదీ సరిపోయింది.

ఇప్పుడు అసలు భయం మొదలైంది. 536 కోట్ల ఈ సంఖ్య ప్రధానమేనా? దానికి ఇంకెన్ని రోజులు? ఇక్కడ మాకు దొరికిన కానుక చెబుతాను, ఎందుకంటే చాలామంది దీన్ని గమనించక అనవసరంగా మళ్లీ వెతుకుతారు. దీని వర్గమూలం 73,234 దాటగానే వస్తుంది. ఇది ప్రధానం కాకపోతే 73,234 లోపు దీనికి ఒక ప్రధాన కారణాంకం ఉండాలి. అది మన 17 ఒకట్లకు కూడా కారణాంకమే అవుతుంది, కాబట్టి 34క + 1 రూపంలోనే ఉండాలి. ఆ రూపంలో 20,71,723 కంటే చిన్నవన్నీ ఎక్సెల్ ఇప్పటికే చూసేసింది, ఒక్కటీ తగల్లేదు. కాబట్టి ఇది ప్రధానం. ఇదే మాట 20,71,723కూ వర్తిస్తుంది. దానికి చిన్న కారణాంకం ఉంటే అదే ముందు తగిలేది. రెండు ప్రధానాలూ రుజువైపోయాయి, అదనంగా చేసిన పని సున్నా.

11111111111111111 = 2071723 × 5363222357. నవంబర్ 25 నుంచి లెక్కేస్తే పదహారో రోజు సాయంత్రం ఐదున్నర.

తర్వాతి వారం చిన్న చిన్న పనులు. భాజకాలు నాలుగే: 1, ఆ రెండు ప్రధానాలు, తను. నాలుగింటి మొత్తం 11111116476405192. మన సంఖ్య కంటే చిన్నవై, దాంతో 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యలెన్ని, అంటే ఆయిలర్ ఫై, 11111105745817032. రెండూ కాగితం మీదే కూడాం, తీసేశాం. మన సంఖ్యకు 1 కలిపి, రెండు ప్రధానాల మొత్తం 5365294080ని ఒకసారి కలిపితే మొదటిది, ఒకసారి తీసేస్తే రెండోది. ఎక్సెల్‌లో వేస్తే రెండింటికీ చివర సున్నాలే వచ్చేవి.

పిల్లలకు వీటికంటే నచ్చింది దశాంశాలు. 1ని 20,71,723తో భాగిస్తే 0.00000048269001213 వచ్చి, అదే 17 అంకెల ముక్క మళ్లీ మళ్లీ తిరుగుతుంది. ఆ ముక్క ఎక్కడిదంటే, రెండో ప్రధానాన్ని 9తో గుణిస్తే 48269001213, ముందు ఆరు సున్నాలు. రెండో ప్రధానంతో భాగిస్తే 0.00000000018645507, ఇది మొదటిదానికి తొమ్మిదింతలు. దశాంశం సరిగ్గా 17 అంకెలకోసారి తిరిగే ప్రధానాలు మొత్తం సంఖ్యా ప్రపంచంలో ఈ రెండే. ఎందుకంటే అలాంటి ప్రధానం ఏదైనా 17 ఒకట్లను భాగించి తీరాలి.

చార్టును ఫ్లెక్సీ చేయిద్దామన్నారు. నాలుగడుగులు మూడడుగులు, 180 రూపాయలు. ఫైలు మేమే ఎక్సెల్ నుంచి తీసి ఇచ్చాం. 18వ తేదీన తెచ్చి విప్పితే 17 గడిలో దశాంశ బిందువుతో 1.11, పక్కన ఏదో ఘాతం. 16, 18 గడులూ అంతే. తప్పు షాపు వాళ్లది కాదు, మాదే. ఆ గడులను ముందే టెక్స్ట్‌గా మార్చి పెట్టాలి, లేదా సంఖ్యకు ముందు ఒక ఒంటి కోట్ గుర్తు వేయాలి. ఇంకో 180 కట్టి మళ్లీ వేయించాం. ఈసారి ఇద్దరు నిలబడి ఒకట్లు వేలు పెట్టి లెక్కపెట్టాకే డబ్బులిచ్చారు. నోటుబుక్కులు, ఫ్లెక్సీలు కలిపి మొత్తం ఖర్చు ఆరు వందలు, అందులో సగానికి పైన ఫ్లెక్సీలదే.

ఫ్లెక్సీలో 19 గడి ఖాళీగానే అచ్చయింది. 20వ తేదీ రాత్రి దాన్నీ చూద్దామనుకున్నాం. అదే తర్కం, 34 స్థానంలో 38. వర్గమూలం 105 కోట్ల దాకా, అంటే 2 కోట్ల 77 లక్షల క లు. ఎక్సెల్ మాటే లేదు, పైథాన్‌లో ఆరు వరుసల ప్రోగ్రాం. నిమిషం మీద కొన్ని సెకన్లు నడిచి ఏమీ చెప్పకుండా ఆగిపోయింది.

"సార్, ప్రోగ్రాం తప్పున్నట్టుంది."

సరే, 38 బదులు 34, 19 బదులు 17 పెట్టి మళ్లీ నడిపాం. ఎంటర్ మీంచి వేలు తీసేలోగా 2071723. ప్రోగ్రాం సరిగ్గానే ఉంది, ఏమీ రాకపోవడమే జవాబు. పొద్దున సభ మొదలవడానికి ముందు ఒకమ్మాయి కుర్చీ ఎక్కి, 19 గడిలో నల్ల స్కెచ్ పెన్నుతో "ప్రధానం" అని రాసింది.